నలుగురు కూర్చునే బల్ల

"నేను లేవను."

విదురి ఆ మాట అనడం ఆ ఉదయం అది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ అంది. రెండోసారి నేల చూస్తూ అంది. ఈసారి భర్త ముఖంలోకి సూటిగా చూసి అంది.

చావడి నడుమ పొడవాటి టేకు బల్ల. వీపు ఆనించడానికి ఏమీ లేదు, చేతులు ఆనించడానికీ ఏమీ లేదు. నలుగురు పక్కపక్కన కూర్చుంటే సరిపోతుంది. దానికి సరిగ్గా మధ్యలో సుద్దముక్కతో గీసిన తెల్లటి గీత ఉంది. ఆ గీత మీదే కూర్చుంది విదురి, రెండు అరచేతులూ బల్ల అంచుకు అదిమిపెట్టి.

ఎదురుగా గచ్చు మీద వడ్రంగి తుకిరాన్ గొంతుకూర్చుని, రంపం పళ్లకు ఆకురాయితో పదును పెడుతున్నాడు.

"దిక్, ఇంత గొడవ అక్కర్లేదు. కాస్త పక్కకి జరుగు, చాలు," అన్నాడు దానర్. భార్యని అతను పిలిచేది దిక్ అనే.

"జరిగితే కోసేస్తారు."

"కోస్తే ఏం? రెండు చిన్న బల్లలవుతాయి. గుమ్మానికి చెరో పక్కా వేద్దాం. మీద పూలకుండీలు పెడదాం. అదేమిటో చూసినవాళ్లకి తెలియనే తెలియదు."

"నాకు తెలుస్తుందిగా."

దానర్ నిట్టూర్చి వడ్రంగి వైపు తిరిగాడు. "పదును చాలదా, పాక్ తుకిరాన్? పొద్దుట్నించీ అదే పని మీదున్నారు."

"ముసలి రంపం, మస్," అన్నాడు తుకిరాన్ తలెత్తకుండానే. "నాలాంటిదే. తొందరపెడితే ఉన్న పళ్లు కూడా రాలిపోతాయి." పెద్దవాళ్లని పాక్ అనీ, కుర్రవాళ్లనీ భర్తనీ మస్ అనీ పిలవడం ఆ ఊరి మర్యాద.

గంట నుంచీ ఆ ముసలాయన ఒకే పంటి మీద ఆకురాయి ఆడిస్తున్నాడని విదురి గమనించింది. అడగకుండా చేసే సాయం ఒక్కోసారి అలా ఉంటుంది. చప్పుడంతా పని చప్పుడే, పని మాత్రం జరగదు.

పన్నెండు రోజుల కిందట ఏరు ఇంట్లోకి వచ్చి వెళ్లిన గుర్తు చావడి గోడల మీద ఇంకా మోకాలెత్తున ఉంది. మఖమలు సోఫాలు నీళ్లు తాగి ఉబ్బిపోయి, మూడో రోజుకి వాసన కొట్టి వీధిలోకి వెళ్లిపోయాయి. ఇవాళ మూడింటికి సెమరాంగ్ నుంచి ఆడపడుచు సెకార్‌ని అడగడానికి పెళ్లివారు వస్తున్నారు. వాళ్లని కూర్చోబెట్టడానికి చావడిలో పీట కూడా లేని స్థితిలో, అత్తగారు కుస్మీరా ఈ ఇంట్లో ఐదేళ్లలో మొదటిసారి ఒక పని పూర్తిగా కోడలి చేతిలో పెట్టింది.

"నీకు పాత సామాను మీద మోజు కదా. నువ్వే వెళ్లి ఎంచుకురా. నా పరువు మాత్రం అక్కడ పారేసి రాకు."

తను పాఠాలు చెప్పే బడి వదలగానే విదురి రెండు మధ్యాహ్నాలు బస్టాండు వెనక పాత సామాన్ల దొడ్లన్నీ తిరిగింది. కొనేవాళ్లు టేబులు పైభాగం నిమిరి చూస్తారు. ఆమె వంగి కిందిభాగం చూసింది. కొత్త కర్రకి మసి, సున్నం పూసి దాన్ని ముసలిదాన్ని చేసేవాళ్లకి కిందిదాకా ఓపిక ఉండదు. సొరుగులు లాగి లోపల వాసన చూసింది. ఇనప మేకు కనబడితే వదిలేసింది, కర్రచీల కనబడితే ఆగింది. అలా దొరికింది పాలరాతి పలక ఉన్న గుండ్రటి టేబులు. అలా దొరికాయి పేము అల్లిన నాలుగు కుర్చీలు, ఎన్నో అరచేతులు ఆడి ఆడి వాటి చేతులు గులకరాళ్లలా నునుపెక్కాయి. అద్దాల బీరువా ఒకటి దొరికింది. దాని మూడు అద్దాల్లో పాతకాలపు గాలిబుడగలున్నాయి, నాలుగో అద్దం కొత్తది. అదెప్పుడు ఎవరి చేతిలో పగిలిందో, ఎవరికి ఎన్ని తిట్లు తగిలాయో ఆ బీరువాకే తెలియాలి.

"నెమళ్లు చెక్కిన కొత్త సెట్టు దొరికేది. ఊళ్లోవాళ్ల ఎంగిలి తెచ్చి పడేశావు," అంది కుస్మీరా సామాను దిగగానే. కానీ అంటూనే పాలరాతి మీద అరచెయ్యి పెట్టింది, చాలాసేపు తియ్యలేదు. విదురికి అది చాలనిపించింది.

అంతవరకూ బాగానే ఉంది. లారీలోంచి చివరగా దిగింది ఈ బల్ల.

రెండో రోజు దొడ్డి చివర, రేకుల కింద, విరిగిన తలుపుల వెనక కనబడింది అది. ఆరు పట్టీలు. ఐదు టేకువి, ఒకటి పనసచెక్క. ఆ పసుప్పచ్చటి పట్టీ చూడగానే విదురి అడుగు పడలేదు. కుడి అంచున దీపం కాలిన మచ్చ కోసం చెయ్యి దానంతటదే వెళ్లింది. మచ్చ ఉంది. విరిగిన పట్టీ తీసి పనసచెక్క బిగించింది నాన్న. దీపం దొర్లించింది చిన్నన్నయ్య. తను పుట్టిన ఊళ్లో, వొనొగిరి కొండల్లో, పెద్దన్నయ్య పాత ఇల్లు పడగొట్టి ఇటుకల ఇల్లు కట్టుకుంటున్నాడని ఆమెకి తెలుసు. ఇంట్లో కట్టెపుల్ల కూడా మిగల్చకుండా లారీవాడికి ఇచ్చేశాడని తెలియదు.

అత్తగారిచ్చిన డబ్బుతో కాదు, తన జీతంతో కొంది. ఇంటికి తెచ్చి, "వరండా బల్ల" అని మాత్రం చెప్పింది.

తప్పు చేసింది అక్కడే.

కుస్మీరా ఆ బల్లకేసి ఒక్కసారే చూసింది. పట్టీల మధ్య రెండు వేళ్ల సందులు, ఒక పక్కకి కొద్దిగా వాలు, నీళ్లకి నల్లబడిన కాళ్లు. ఆమెకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఈ సోలో పట్నంలో పెద్ద ఇళ్లవాళ్లకి అలాంటి బల్ల ఒక్క పనికే. పోయినవాళ్లకి కడసారి స్నానం చేయించేటప్పుడు కన్నపిల్లలు దానిమీద వరసగా కూర్చుని, ఆ మనిషిని ఒళ్లో పడుకోబెట్టుకోవడానికి. పట్టీల సందుల్లోంచి నీళ్లు జారిపోవడానికి.

వంటావిడ తెల్లవారి ఆ బల్ల చుట్టూ ఊడ్చి, దాని కింద మాత్రం వదిలేసింది. వెనక్కి పంపేద్దామంటే లారీవాడు సోమవారం దాకా రాడు. అందుకే దానర్‌కి ఈ రంపం ఉపాయం తోచింది.

లోపలి గుమ్మం దగ్గర చీర కుచ్చెళ్లలాంటి మెత్తటి చప్పుడైంది. కుస్మీరా కట్టుకున్న గంజిపెట్టిన, మైనపు అద్దకం బాతిక్ గుడ్డ చప్పుడు అది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ముప్ఫై మంది చేత మైనం ముంచించి గుడ్డలు అద్దించిన మనిషి. ఇంట్లోవాళ్లకి ఇబు, అంటే అమ్మ; వీధి వీధంతటికీ బు జురగన్, అంటే యజమానురాలు. ఆమె కోపాన్ని గొంతు పెద్దదవడాన్ని బట్టి కొలవకూడదు. ఆమెకి కోపం హెచ్చేకొద్దీ గొంతు తగ్గుతుంది, మర్యాద పెరుగుతుంది.

"విదురీ," అంది, వినీ వినబడనట్టు. "తమరు ఇంకా భోంచేసినట్టు లేరు."

"ఆకలిగా లేదు, ఇబు."

"సరే. పెళ్లివారొచ్చే వేళకి తమరు మంచి బట్ట ఒకటి కట్టుకుని కనబడితే ఈ ముసలిదాని పరువు నిలబడుతుంది. వీలైతేనే లెండి. బలవంతమేమీ లేదు."

"ఇబు, నన్ను తిట్టండి. నువ్వు అని తిట్టండి, పడతాను."

"తమర్ని తిట్టడమా? నేనెంత, నా నోరెంత?" కుస్మీరా నవ్వింది. "ఒకటే సందేహం. పిల్లనడగడానికి వచ్చినవాళ్లని శవాల బల్ల మీద కూర్చోబెట్టి, కొబ్బరిపాల సెరాబీ అట్లు పెట్టి, తీపి టీ ఇవ్వడం తమ ఊరి మర్యాద కావచ్చు. మా వీధిలో ఇంకా అలవాటు కాలేదు. క్షమించాలి."

"వాళ్లని దీనిమీద కూర్చోమనట్లేదు కదా! కుర్చీలున్నాయి. ఇది ఆ గోడవారన ఉంటుంది."

"గోడవారన ఉండి ఏం చేస్తుంది? మాలో ఎవరి వంతు ముందో లెక్క చూస్తూ ఉంటుందా?"

"ఇబు!" అన్నాడు దానర్.

"బు జురగన్," అన్నాడు తుకిరాన్ గభాలున, "ఇంకో గ్లాసు టీ దొరుకుతుందా? గొంతెండిపోతోంది."

"పని చేసేది ఆకురాయి. ఎండిపోయేది మీ గొంతా?"

"ఆ చప్పుడు వినేది నేనే కదమ్మా."

కుస్మీరా టీ పంపిస్తానని చెప్పి లోపలికి వెళ్లింది. పంపించింది కూడా, రెండు గ్లాసులు. రెండోది ఎవరికని వంటావిడ చెప్పలేదు. బల్లకి మూరెడు దూరంలో గచ్చు మీద పెట్టి వెళ్లిపోయింది. విదురి ఒంగి అందుకుంది. మల్లెల వాసన, తనకిష్టమైనట్టే పంచదార తక్కువ. అంత కోపంలోనూ పంచదార సంగతి ఎవరో గుర్తుపెట్టుకున్నారు. ఎవరని అడగదలచుకోలేదు.

ఆకురాయి కర్రుకర్రుమంటూనే ఉంది. కుస్మీరా చావడిలోంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచింది. ఒకసారి పూలతో, ఒకసారి గ్లాసుల పళ్లెంతో, ఒకసారి ఒట్టి చేతులతో. మూడుసార్లూ బల్ల ఉన్నచోట బల్ల లేనట్టే పక్కనుంచి వెళ్లింది.

దానర్ వచ్చి బల్లకి కాస్త ఎడంగా గచ్చు మీద చతికిలబడ్డాడు. మునిసిపల్ ఆఫీసులో నీళ్ల సెక్షను చూసుకునే మనిషి. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి ఇద్దరికీ సగం సగం పంచడం అతనికి ఆఫీసులోనూ అలవాటే.

"నా మాట విను, దిక్. నీ మాటా నెగ్గుతుంది, ఇబు మాటా నెగ్గుతుంది. సగం సగం."

"దీన్ని సగం చేస్తే ఎవరి మాటా నెగ్గదు, మస్. ఇది మిగలదు, అంతే."

"ఒక కొయ్యముక్క కోసం..."

"కొయ్యముక్కే అయితే మీకింత భయమెందుకు? పొద్దుట్నించీ చూస్తున్నాను. ఇబుకి కోపం. మీకు కోపం కాదు, భయం. ఒక్కసారైనా దీన్ని ముట్టుకున్నారా మీరు? సుద్దగీత కూడా ఆయన చేత గీయించారు."

దానర్ లేచి నిలబడ్డాడు. గడియారం చూసుకున్నాడు.

అప్పుడొచ్చింది సెకార్. జుట్టంతా చుట్టలు చుట్టి పిన్నులు పెట్టుకుని, చేతిలో మడతపెట్టిన గుడ్డతో పరుగెత్తుకొచ్చింది. ఈ ఇంట్లో మనసులో మాట గడప దాటేలోగా బయటికి అనేసే మనిషి ఆమె ఒక్కతే. వదినని మ్బాక్, అంటే అక్క, అనే పిలుస్తుంది.

"మ్బాక్ విదురీ, నువ్వు లేవద్దు. నేను నీ పార్టీ. కానీ నా పెళ్లి చెడిపోవడానికీ వీల్లేదు. అందుకని ఇదుగో!" అంటూ గుడ్డ విదిలించింది. "కప్పేస్తే సరి! కింద ఏముందో ఎవడికి కావాలి?"

మంచి గుడ్డ. గోధుమరంగు మీద నల్లటి తీగలు, ఇంట్లో అద్దినవాటిలో మేలైనది. సెకార్ దాన్ని విదురి వెనకనుంచి ఈ చివర్నించి ఆ చివరదాకా పరిచి, ముడతలు సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది.

అందరూ చూశారు.

పొడవాటి బల్ల. తలవైపు నుంచి కాళ్లవైపు దాకా గోధుమరంగు బాతిక్ కప్పి ఉంది. పళ్లెంతో వస్తున్న వంటావిడ గుమ్మంలోనే ఆగి, నోట్లో ఏదో ప్రార్థన గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది. తుకిరాన్ నెత్తిమీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో!" సెకార్ గుడ్డ లాగేసుకుని గుండెలకి హత్తుకుంది. "నేను అలా అనుకోలేదు! దేవుడా, అచ్చం అలాగే కప్పాను కదా!"

ఎవరూ నవ్వలేదు. గుమ్మంలో కుస్మీరా కూడా నిలబడి చూస్తోంది. విదురికి తెలిసింది, ఇక దాచి లాభం లేదని.

"ఇది మా అమ్మ బల్ల," అంది.

దానర్ కనుబొమలు ముడిచాడు. "ఏమిటి?"

"మా ఇంటి బల్ల, మస్. అన్నయ్య అమ్మేశాడు. దొడ్లో దొరికింది. ఐదేళ్లలో మీరు ఎన్నిసార్లు కూర్చున్నారు దీనిమీద! పైన చాప వేసి ఉండేది. అమ్మ పోయిన రోజు కూడా మీరొచ్చేసరికి మళ్లీ చాప పరిచేశారు; కిందేముందో మీరెప్పుడూ చూడలేదు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తేనిచ్చేవారా? అబద్ధం ఆడాను. వరండా బల్లన్నాను. అబద్ధం కూడా కాదది, మా ఊళ్లో ఇది వరండాలోనే ఉండేది." విదురి గొంతు పెరుగుతోంది, తగ్గించుకోవాలని ఆమెకి అనిపించలేదు. "మీకిక్కడ ఒక్కో పనికి ఒక్కో బల్ల. మాకు అన్నిటికీ ఇదే. దీనిమీద వేరుశనక్కాయలు ఒలిచాం. దీనిమీద పడుకుని నేను ఎక్కాలు చదివాను. మా అక్కకి పురుడొచ్చినప్పుడు మంత్రసాని దీనిమీదే కూర్చుని రెండు రోజులు తమలపాకులు నమిలింది. ఎప్పుడో పదేళ్లకోసారి, ఒక్క పూట, ఆ పని. ఆ ఒక్క పూట పేరు పట్టుకుని దీన్ని శవాల బల్ల అంటారా? అంటే మా నాన్న చేతి పనసచెక్క శవాల చెక్కా? మరి ఇబు, మీరు నన్ను మీ అబ్బాయికి అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారనుకున్నారు?"

ఆకురాయి ఆగిపోయింది.

"ఎండలో వచ్చారు. మా అమ్మ దీనిమీద దిండు వేసి కూర్చోబెట్టింది. రెండు గ్లాసుల టీ తాగారు మీరు. వెళ్తూ వెళ్తూ అమ్మ చెయ్యి పట్టుకుని, మీ ఇల్లు చల్లగా ఉందన్నారు. అప్పుడు ఏ అరిష్టమూ తగల్లేదే మీకు!"

ఇంతమాట ఈ చావడిలో కుస్మీరాని ఎవరూ అనలేదు. దానర్ కళ్లు మూసుకున్నాడు. సెకార్ గుడ్డ మూతికి అడ్డం పెట్టుకుంది.

కుస్మీరా మెల్లగా నడిచి వచ్చింది. ఈసారి బల్ల పక్కనుంచి వెళ్లిపోలేదు. ముందు నిలబడి, పచ్చటి పట్టీని చూసింది. కాలిన మచ్చని చూసింది.

"ఎర్ర దిండు," అంది. "అంచున పూసలు కుట్టి ఉన్నాయి. నీ పెళ్లి మాటలు అయ్యేదాకా అవి నాకు గుచ్చుకుంటూనే ఉన్నాయి."

నీ పెళ్లి అంది. తమరి పెళ్లి అనలేదు. విదురి కళ్లు ఒక్కసారిగా చెమర్చాయి. అంతసేపు పోట్లాడినప్పుడు రాని నీళ్లు, ఒక్క నువ్వుకి వచ్చేశాయి.

"మీ అమ్మని ఎవరెవరు పట్టుకున్నారు?" అని అడిగింది కుస్మీరా.

"నలుగురం. తల దగ్గర పెద్దన్నయ్య. తర్వాత చిన్నన్నయ్య, అక్క. కాళ్ల దగ్గర నేను."

"నీళ్లు?"

"గోరువెచ్చనివి. చంటిపిల్లకి చూసినట్టు వదిన మూడుసార్లు ముంజేతి మీద పోసుకుని చూసింది. మా అమ్మ మడమలు పగిలి ఉండేవి, ఇబు. సున్నపురాయి నేల కదా మాది. ఆ పగుళ్లలో మట్టి నేనే వేలితో తీశాను. తీస్తుంటే... ఇన్నేళ్లలో అమ్మ కాళ్లు అంతసేపు నా ఒళ్లో ఉండటం అదే మొదలని తెలిసింది. ఎప్పుడూ కూర్చునేది కాదు కదా మనిషి."

కుస్మీరా తల ఊపింది.

"రెండున్నర అయింది," అన్నాడు దానర్ అకస్మాత్తుగా. "ఇవన్నీ రాత్రికి మాట్లాడుకోవచ్చు. పాక్ తుకిరాన్, ఎలాగూ ఆమె లేచేలా లేదు. బల్లని ఆమెతో సహా పెరట్లోకి మోద్దాం. పట్టండి."

"మస్!" విదురి అతని చెయ్యి పట్టుకుంది. "మీరే ఇలా అంటే ఎలా? మీకు తెలుసు కదా ఇది. మూడేళ్ల కిందట మామగారు పోయినప్పుడు మీరు కూర్చున్నారు కదా, తల దగ్గర! నేను ఆ రోజు పరీక్షల డ్యూటీ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. రాత్రి అడిగాను, కూర్చున్నారా అని. తల ఊపారు మీరు. ఆ బరువు ఒకసారి మోసినవాళ్లు దీనిమీద రంపం ఎలా పెట్టిస్తారు?"

దానర్ చెయ్యి ఆమె చేతిలో బిర్రబిగిసిపోయింది.

కుస్మీరా కొడుకు వైపు చూసింది. "విదురికి చెప్పలేదా నువ్వు?"

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మూడేళ్లు ఒకే మంచం మీద పడుకుని, పెళ్లానికి కూడా చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?" అంది విదురి.

"ఆ రోజు మసీదు నుంచి తెచ్చిన బల్ల మీద నేను కూర్చున్నాను. మీ చిన్నమామ కూర్చున్నాడు. ఇంకిద్దరు మసీదు నుంచి వచ్చారు." కుస్మీరా గొంతు తగ్గలేదు, పెరగలేదు. "ఇంటి యజమాని తల ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడి ఒళ్లో ఉంది. మంచివాడే పాపం. జాగ్రత్తగానే పట్టుకున్నాడు. పేరు కూడా అడగలేదు నేను."

విదురి భర్త చెయ్యి వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఆమెకే తెలియలేదు.

"చల్లగా ఉంటుందని భయమేసింది," అన్నాడు దానర్. చిన్నపిల్లాడు చెప్పినట్టు చెప్పాడు. "నాన్న ఒళ్లు ఎప్పుడూ వేడిగా ఉండేది కదా ఇబు. చల్లగా ఉంటే... నా చేతులకి అదే గుర్తుండిపోతుందని. పెరట్లో నిలబడ్డాను. నీళ్ల చప్పుడు వినబడుతూనే ఉంది. అది ఆగాక వచ్చాను. నిన్న లారీలోంచి ఈ బల్ల దిగగానే మళ్లీ అదే చప్పుడు. రోజూ దీని పక్కనుంచి ఎలా నడవను?"

"నాకు తెలుసు," అంది కుస్మీరా.

"మీకు తెలుసా?"

"పెరటి తలుపు కింద సందులోంచి నీ చెప్పులు కనబడ్డాయి. స్నానం అయ్యేదాకా అవి కదల్లేదు."

"మరి మూడేళ్లు ఒక్క మాట అనలేదేం?"

కుస్మీరా బల్ల చివర మీద అరచెయ్యి పెట్టింది, నిన్న పాలరాతి మీద పెట్టినట్టే.

"ఒక మాట అంటే, నా వేళకీ పెరట్లోనే ఉండిపోతావని," అంది. "నిన్న దీన్ని చూడగానే గుండె ఝల్లుమన్నది అందుకే. శవమంటే కాదు. దీనిమీద నా తలవైపు చోటు ఖాళీగా కనబడింది."

ఎక్కడో వీధి చివర కారు హారను మోగింది. సెకార్ ఉలిక్కిపడి కిటికీలోంచి చూసింది. "వాళ్లేనేమో! ఇబు, నా జుట్టు!"

"రంపం సంచీలో పెట్టుకోండి, పాక్," అంది కుస్మీరా.

"పెట్టేశాను, బు జురగన్. ఇవాళ దానికి పదును కుదిరేలా లేదు."

"దానర్. వచ్చి కూర్చో. ఆ చివర."

"ఇబు, అలా ఉత్తుత్తినే కూర్చోకూడదు. అరిష్టం..."

"అరిష్టం నాకంటే వయసులో చిన్నదే. నా మాట వింటుంది. కూర్చో."

అతను కూర్చున్నాడు, కాలుతున్న పెనం మీద కూర్చున్నట్టు. కుస్మీరా చెప్పులు విడిచింది. కళ్లజోడు తీసి తుకిరాన్ చేతికిచ్చింది. ఆమె ఏం చేయబోతోందో విదురికి అర్థమైంది. కానీ ఆపలేదు. పొద్దుట్నించీ కదలని మనిషి, మొదటిసారి పక్కకి జరిగింది. జరిగి చూస్తే బల్ల మీద సుద్దగీత లేదు. కొంత ఆమె బట్టకి అంటుకుంది, మిగతాది పట్టీల సందుల్లోకి రాలిపోయింది.

"నువ్వు కాళ్ల దగ్గర. నీకు అలవాటే," అంది కుస్మీరా. "సెకార్, నువ్వు మధ్యలో."

"ఇబు! పిన్నులతోనా! వాళ్లొస్తున్నారు!"

"కూర్చోమన్నానా?"

సెకార్ కూర్చుంది. కుస్మీరా ఒక చెయ్యి కోడలి భుజం మీద ఆనించి, మెల్లగా, ముసలి నడుము సణుగుతుండగా, ముగ్గురి ఒళ్లలో వెల్లకిలా పడుకుంది. తల దానర్ ఒళ్లోకి, మడమలు విదురి చేతుల్లోకి వచ్చాయి. ఆ మడమలూ పగిలే ఉన్నాయి. పగుళ్లలో మట్టి లేదు, మైనం ఉంది, ఎన్నేళ్లదో. విదురి వాటిని రెండు అరచేతులతో పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి.

వీధి గేటు గొళ్లెం చప్పుడైంది. ఎవరో దగ్గారు. కొత్త చెప్పుల టకటక, ఆడవాళ్ల గొంతులు, "ఇల్లు ఇదేనా? ఇదే, ఇదే," అనడం, దారి చూపుతూ వంటావిడ ఆదరాబాదరా ఏదో సర్దిచెప్పడం అన్నీ వినబడుతున్నాయి.

"ఇబు, లేవండి!" సెకార్ ఏడుపుగొంతుతో గుసగుసలాడింది. "దండం పెడతాను, లేవండి! మెట్లెక్కుతున్నారు!"

కుస్మీరా కళ్లు తెరవలేదు.

"నేను లేవను," అంది. "వాళ్లని రానీ. ముందు వీడు చెప్పాలి. దానర్, చెప్పు. బరువున్నానా?"

దానర్ చేతులు ఆమె తలకి రెండు పక్కలా, జానెడెత్తున, గాలిలోనే ఉన్నాయి.